కంది మోళ్ళు, పల్లేరు కాయలు, పదహారు పీఎస్‌ఐ

“మౌంటెన్ బైక్ కొందామనుకుంటున్నా మేడమ్, ఏ కంపెనీది మంచిది?” అని బ్యాంకులో నా కౌంటర్ ముందు నిలబడి మరీ అడుగుతుంటారు. పాస్‌బుక్కు ఎంట్రీ కోసం వచ్చినవాళ్ళే. నేను రెండు విషయాలు తిరిగి అడుగుతాను. ఎక్కడ తొక్కుతారు? మీ బరువెంత? రెండోదానికి కొందరు ఇబ్బందిగా నవ్వుతారు. కానీ ఆ రెండూ తెలిస్తేనే ఏ టైరు వేయాలో, అందులో ఎంత గాలి ఉండాలో (ఆ ఒత్తిడిని పీఎస్‌ఐలో కొలుస్తారు) చెప్పగలం. మా వికారాబాద్ చుట్టుపక్కల తొక్కే సైకిల్‌కి అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. లక్షన్నర బండికి బండరాయిలా గాలి కొట్టించి, అనంతగిరి మలుపులో జర్రున జారి మోచేతులు చెక్కుకున్నవాళ్ళు నాకు తెలుసు. ముప్ఫై వేల బండికి మంచి టైర్లు వేయించుకుని హాయిగా తిరుగుతున్నవాళ్ళూ తెలుసు.

ముందు మా నేల గురించి చెప్పాలి. గుట్టల మీద ఎర్రని లాటరైట్. చూడ్డానికి గట్టిగా, చదునుగా ఉంటుంది గానీ దాని మీద వదులు మొరం పరుచుకుని ఉంటుంది. బ్రేకు గట్టిగా పట్టామంటే ఆ గులకరాళ్ళన్నీ టైరు కింద దొర్లుతాయి. గుట్ట దిగి పరిగి, తాండూరు వైపు పోతే నల్లరేగడి చేలు. చెరువు కట్టల వెంట సర్కారు తుమ్మ, ఎడ్లబండి బాటల అంచున పల్లేరు. వీటన్నిటినీ మించింది కంది మోడు. తాండూరు కందికి 2022లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఆ పప్పు ఎంత కమ్మనిదో, కోత అయ్యాక చేలో మిగిలే మోడు అంత పాపిష్టిది. కొడవలితో ఏటవాలుగా కోస్తారు కదా, ఆ కొస ఎండి గట్టిపడి నిలబడుతుంది. ట్రాక్టర్ టైర్లనే పొడుస్తుంది, మన సైకిల్ టైరు దానికో లెక్కా! కోతల నుంచి మళ్ళీ వానలకి దున్నేదాకా చేను మధ్యలోంచి అడ్డంగా పోకండి. బాట ఎంత చుట్టూ తిరిగినా సరే, బాట మీదే ఉండండి. అసలే రైతు చేను అది.

బండి సంగతి తొందరగా తేల్చేద్దాం. మొదటిసారి కొనేవాళ్ళకి వెనుక సస్పెన్షన్ అక్కర్లేదు. ముందు ఫోర్కులో మాత్రమే సస్పెన్షన్ ఉండే హార్డ్‌టెయిల్, 29 అంగుళాల చక్రాలు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు ఉంటే చాలు. నాలాగా అయిదడుగులకి కాస్త పైన ఉన్నవాళ్ళు 27.5 చక్రాల చిన్న ఫ్రేము చూసుకోవచ్చు. షాపులో బండికి చెరో పక్క కాలు పెట్టి నిలబడండి. ఫ్రేము పైకడ్డీకీ మీకూ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ ఉండాలి. రిమ్ములు ట్యూబ్‌లెస్‌కి పనికొస్తాయా అని మాత్రం కచ్చితంగా అడగండి. తక్కువ ధరలో వెనుక కూడా స్ప్రింగు ఉందని ఊరించే బండ్ల జోలికి పోవద్దు. బరువు తప్ప వాటితో ఒరిగేదేమీ లేదు.

ఈ మధ్య కుర్రవాళ్ళు బెల్జియం సైక్లోక్రాస్ వీడియోలు చూసి, వంకీ హ్యాండిల్ బండి కావాలంటున్నారు. అది పందెం కోసం పుట్టిన బండి. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నియమం ప్రకారం అందులో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. గడ్డి, ఇసుక, బురద మీద గంట సేపు ఊపిరాడకుండా తొక్కే ఆట అది, వాళ్ళకి శరదృతువు నుంచి చలికాలం చివరిదాకా నడుస్తుంది. మన మొరం మీద, రాళ్ళ మీద ఆ సన్నటి టైరు వేసుకుంటే రిమ్ము బతకదు. బండి వద్దు గానీ, ఆ ఆటగాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాల్సిన పని ఒకటుంది. అది గట్ల దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

ట్యూబ్ తీసి పక్కన పెట్టండి

ట్యూబ్ ఉన్న టైరుకి రెండు గండాలు. ఒకటి ముల్లు. రెండోది రాతి అంచు. గాలి తక్కువగా ఉంటే టైరు నలిగి, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నొక్కుకుపోయి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. దానికి భయపడి గాలి ఎక్కువ కొడతాం. గాలి ఎక్కువైతే టైరు నేలని పట్టుకోదు, ఎగురుతుంది. ట్యూబ్‌లెస్ చేసుకుంటే ఈ ముడి విడిపోతుంది. ముల్లు పడ్డ చోట, టైరు లోపల పోసే సీలెంట్ అనే ద్రవం గడ్డకట్టి మూసేస్తుంది, నలగడానికి లోపల ట్యూబే ఉండదు.

పని కష్టం కాదు, ఓపిక కావాలి. రిమ్ము లోపలి భాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. జిడ్డు ఉంటే టేపు అంటుకోదు. టేపు వెడల్పు రిమ్ము లోపలి వెడల్పు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. వాల్వు రంధ్రానికి సరిగ్గా ఎదురుగా మొదలుపెట్టి, బాగా లాగి పట్టుకుంటూ చుట్టూ అంటించి, మొదలుపెట్టిన చోటు దాటి జానెడు పోనివ్వండి. తర్వాత బొటనవేలితో చుట్టూ గట్టిగా రుద్దండి. బుడగలు కనిపిస్తే అక్కడే గాలి పోతుంది. వాల్వు రంధ్రం దగ్గర టేపుని బ్లేడుతో కోయవద్దు, ఆ కోత చిరుగుతూ పోతుంది. సన్నటి మేకుని స్టవ్ మీద వేడి చేసి, పటకారతో పట్టుకుని గుండ్రంగా ఒక్క పోటు పొడవండి. వాల్వు పెట్టి దాని నట్టుని చేత్తోనే బిగించండి. పానా వాడితే రేపు అడవిలో ట్యూబ్ వేయాల్సొచ్చినప్పుడు ఊడిరాదు.

టైరు ఎక్కించాక అంచుల చుట్టూ సబ్బు నీళ్ళు రాయండి. ఇక్కడ ఇంటి పంపు చాలాసార్లు చేతులెత్తేస్తుంది. ఒక్కసారిగా బోలెడు గాలి పోతే తప్ప టైరు అంచు రిమ్ములో కూర్చోదు. అందుకే నేను బస్టాండు దగ్గరి టూవీలర్ పంక్చర్ షాపుకి తీసుకుపోతాను. వాల్వు లోపలి కోర్ తీసేసి, కంప్రెసర్‌కి ఉండే గాలి గన్ను మూతిని వాల్వు మీద అదిమిపెట్టి, నొక్కి వదులుతూ ఉండాలి. ఠప్, ఠప్ అని రెండు మూడు సార్లు గట్టిగా మోగుతుంది. కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు, కానీ వినాల్సింది ఆ చప్పుడే. రిమ్ము మీదా, టైరు మీదా గరిష్ఠంగా ఎంత గాలి అని రాసి ఉంటుంది. రెండిట్లో ఏది తక్కువైతే అది దాటనివ్వకండి. టైరు అంచుకి పైన ఒక సన్నటి గీత ఉంటుంది. అది చుట్టూ రిమ్ముకి సమాన దూరంలో కనబడితే టైరు సరిగ్గా కూర్చున్నట్టు. గన్ను తీయగానే గాలి పోతుంది, పోనివ్వండి. అంచు కూర్చునే ఉంటుంది.

ఇప్పుడు వాల్వులోంచి సీలెంట్ పోయాలి. సీసాని బాగా కుదిపి, ఒక్కో టైరుకి 100 మిల్లీలీటర్లు. ముళ్ళ నేలకి 120 పోసినా తప్పులేదు. కోర్ బిగించి, గాలి కొట్టి, చక్రాన్ని తిప్పి, అటూ ఇటూ ఊపి, బకెట్ మీద పడుకోబెట్టి కాసేపు ఒక వైపు, కాసేపు ఇంకో వైపు ఉంచండి. వెంటనే ఓ పావుగంట తొక్కిరండి. మర్నాటికి కొంచెం గాలి దిగినా కంగారుపడొద్దు, మొదటి రెండు మూడు రోజులు అంతే. టూవీలర్ టైర్లకి పోసే చిక్కటి జెల్ చవగ్గా దొరుకుతుంది కదా అని దాన్ని పోయకండి. సైకిల్ వాల్వులోంచి అది దిగదు, దిగినా సన్నటి టైరులో బరువుగా ఒకచోట కూర్చుంటుంది.

ఏప్రిల్, మే ఎండల్లో సీలెంట్ తొందరగా ఎండిపోతుంది. సీసా మీద ఎన్ని నెలలని రాసి ఉన్నా, వేసవిలో రెండు నెలలకోసారి చూడండి. కోర్ తీసి, వాల్వులోంచి సన్నటి జిప్ టై దించి పైకి తీస్తే తడి ఎంతవరకు ఉందో తెలిసిపోతుంది. పొడిగా వస్తే మళ్ళీ పోయాలి.

ముల్లు గుచ్చుకుంటే

చిన్న ముల్లు టైరులో కనిపించి గాలి పోకుండా ఉంటే, దాన్ని పీకాలన్న దురద ఆపుకోండి. ఇంటికొచ్చాక చూడొచ్చు. పీకాల్సే వస్తే, పీకిన వెంటనే చక్రాన్ని తిప్పి ఆ రంధ్రం నేల వైపుకి వచ్చేలా పెట్టండి. సీలెంట్ అక్కడికి చేరుతుంది. కాసేపు బుసబుసమని, తెల్లగా నురగ వచ్చి ఆగిపోతుంది.

కంది మోడు చేసే రంధ్రం దానంతటది మూసుకోదు. ప్లగ్ వేయాలి. కార్ల ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్‌లో ఉండే దారంలాంటిదే, సైకిల్‌కి ఇంకా సన్నగా దొరుకుతుంది. సూదికి ఎక్కించి, సగం పైచిలుకు లోపలికి వెళ్ళేలా తోసి, సూదిని సూటిగా వెనక్కి లాగేయాలి. బయట మిగిలిన తోకని కోయక్కర్లేదు, నాలుగు కిలోమీటర్లు తొక్కితే అరిగిపోతుంది. గాలి పోతున్నప్పుడే వేయాలి, పూర్తిగా దిగేదాకా ఆలోచిస్తూ నిలబడితే టైరు మెత్తబడి సూది దిగదు. అందుకే నా ప్లగ్ కిట్ బ్యాగు అడుగున ఉండదు, హ్యాండిల్‌కి రబ్బరు బ్యాండుతో కట్టి ఉంటుంది.

టైరు పక్క గోడ చిరిగితే ప్లగ్ నిలవదు. లోపల నుంచి ఒక ముక్క ఆనించి ట్యూబ్ వేసుకోవాలి. పాత టైరు గోడ ముక్క ఒకటి బ్యాగులో ఉంచుకోండి. అది లేకపోతే టూత్‌పేస్ట్ ట్యూబ్ కోసిన ముక్క, అదీ లేకపోతే పది రూపాయల నోటుని నాలుగు మడతలు వేసి పెట్టినా ఇల్లు చేరుస్తుంది.

ట్యూబ్ వేసేటప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. కిందటి చలికాలం కోటిపల్లి ప్రాజెక్టు వైపు వెళ్ళినప్పుడు, మాతో వచ్చిన కుర్రాడికి టైరు చిరిగింది. ట్యూబ్ వేశాడు, వంద గజాలు పోయాక కూర్చుండిపోయింది. ఇంకొకటి అడిగి తీసుకుని వేశాడు. “అక్కా, కొత్త ట్యూబే వేసిన, మళ్ళ పాయె” అని మొహం వేలాడేసుకుని వచ్చాడు. టైరు విప్పి, నా చున్నీ కొంగు లోపల పెట్టి మెల్లగా చుట్టూ తిప్పాను. నాలుగు వేళ్ళ దూరం జరగ్గానే గుడ్డ చిక్కుకుంది. చూస్తే లోపలి రబ్బరులోంచి పల్లేరు ముల్లు కొస, ఆవగింజంత, ఎండిన సీలెంట్ పొర కప్పుకుని. కటింగ్ ప్లేయర్‌తో దాన్ని లాగి, గుడ్డ మళ్ళీ తిప్పితే మళ్ళీ చిక్కు. అలా ఆ ఒక్క టైరులోంచి గుప్పెడు ముళ్ళు తీశాం. ట్యూబ్‌లెస్‌గా తిరిగినన్నాళ్ళూ గుచ్చుకున్నవన్నీ సీలెంట్ మూసేసింది కాబట్టి అతనికి తెలియనేలేదు. ట్యూబ్ పెట్టగానే అన్నీ ఒక్కసారి పని మొదలుపెట్టాయి. కాబట్టి ట్యూబ్ వేసే ముందు గుడ్డతో తడమండి. వట్టి వేళ్ళతో వద్దు, ముల్లు విరిగి గోరు కింద దిగితే ట్యూబ్ సంగతి మర్చిపోతారు. బ్యాగులో ట్యూబ్, పంపు, టైరు లీవర్లతో పాటు చిన్న కటింగ్ ప్లేయర్ కూడా ఉండాలి.

గాలి ఎంత

ఒక కొండ గుర్తు చెప్తాను. 2.2 నుంచి 2.35 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరుకి, మీ బరువు కేజీల్లో ఎంతో దాన్ని మూడుతో భాగించండి. వచ్చినదాంట్లో రెండు తీసేస్తే ముందు చక్రానికి పీఎస్‌ఐ, ఒకటి కలిపితే వెనుక చక్రానికి. నేను 54 కేజీలు. మూడో వంతు 18. ముందు 16, వెనుక 19. మీరు 75 అయితే 23, 26 వస్తాయి. ట్యూబ్ ఉంటే రెండిటికీ నాలుగైదు కలపండి. పెద్ద పెద్ద చార్టుల్లో చాలావరకు డెబ్భై అయిదు, ఎనభై కేజీల మగవాళ్ళ లెక్కే ఉంటుంది. తేలికగా ఉండే ఆడవాళ్ళు, పిల్లలు ఆ అంకెలు పట్టుకుంటే బండి గుట్ట మీద కప్పగంతులేస్తుంది.

అది మొదలు మాత్రమే. తెలిసిన ఒక చిన్న బాట ఎంచుకోండి. ఒక రాళ్ళ దిగుడు, ఒక మలుపు, ఒక ఎక్కుడు ఉంటే చాలు. దాన్నే మళ్ళీ మళ్ళీ తొక్కుతూ ప్రతిసారీ ఒక్కో పీఎస్‌ఐ తగ్గించండి. ఒక దశలో మలుపులో టైరు పక్కకి ఒరుగుతున్నట్టు, బండి కొంచెం ఆలస్యంగా తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. లేదా రాయి మీద రిమ్ము ‘టంగ్’ మంటుంది. అక్కడి నుంచి రెండు పెంచండి. అదే మీ అంకె. ఫోన్లో రాసిపెట్టుకోండి.

దీనికి గేజీ తప్పనిసరి. బొటనవేలితో నొక్కి చూడ్డం ఈ మందపాటి టైర్ల దగ్గర పనిచేయదు, 18కీ 24కీ తేడా వేలికి తెలియదు. పెట్రోల్ బంకు మీటరు కార్ల కోసం పెట్టింది, ఇంత తక్కువ గాలి దగ్గర దాన్ని నమ్మలేం. 30 పీఎస్‌ఐ దాకా మాత్రమే చూపించే చిన్న గేజీ ఒకటి కొనుక్కోండి. మా పంక్చర్ షాపాయనకి నా అంకె ఇప్పటికీ మింగుడుపడదు. “గింతే గాలా మేడమ్? రిమ్ము కింద కూసుంటది సూడు” అంటాడు ప్రతిసారీ.

ఎండ లెక్క కూడా వేసుకోవాలి. తెల్లవారుజామున 20 డిగ్రీల్లో 16 పెట్టిన టైరు, 40 డిగ్రీల ఎండలో 18 దాకా చూపిస్తుంది. లోపలి గాలి పెరగలేదు, వేడెక్కింది. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండికి గాలి చూసి తీసేస్తే మర్నాడు పొద్దున మెత్తగా ఉంటుంది. ఎప్పుడూ ఒకే వేళకి, నీడలో చూడండి.

తొక్కడం

మనలో చాలామందికి చిన్నప్పుడు చెప్పింది ‘ముందు బ్రేకు పట్టకు, బోర్లా పడతావు’ అని. అట్లాస్ సైకిల్ మీద అది నిజమేనేమో. మౌంటెన్ బైక్ మీద ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో రీప్యాక్ కొండ మీద పందేలు దిగినవాళ్ళకి పాత బండ్ల వెనుక కోస్టర్ బ్రేకే (పెడల్ వెనక్కి తొక్కితే పట్టేది) దిక్కు. ఒక్క దిగుడుకే హబ్బులో గ్రీజంతా పొగైపోయి, మళ్ళీ దట్టించుకోవాల్సొచ్చేది. మనకి రెండు చక్రాలకీ డిస్కులున్నాయి, వాడుకుందాం. కొత్త బండిలో ఏ లీవరు ముందుదో మొదట నొక్కి చూసుకోండి, అన్ని బండ్లూ ఒకేలా రావు. లీవరుకి ఒక్క చూపుడు వేలు చాలు, మిగతా నాలుగు వేళ్ళూ హ్యాండిల్‌నే పట్టుకోవాలి. డిస్కు మీద నూనె చుక్క పడనివ్వకండి. చైన్‌కి స్ప్రే కొట్టేటప్పుడు గాలికి అది డిస్కు మీదకి పోతుంది. ఒకసారి ప్యాడ్లు నూనె తాగితే కీచుమని అరవడమే తప్ప ఆపవు. అసలు చైన్‌కి స్ప్రే వద్దు. చుక్కలుగా వేసే లూబ్ వేసి పైన తుడిచేయండి, తడిగా ఉంటే ఎర్ర దుమ్మంతా పట్టేస్తుంది.

దిగేటప్పుడు సీటు మీద కూర్చోవద్దు. పెడళ్ళు రెండూ ఒకే ఎత్తులో, మడమలు కొంచెం కిందకి, మోకాళ్ళు వదులుగా, మోచేతులు బయటికి వంచి, నడుము దగ్గర వంగి నిలబడండి. బరువంతా పాదాల మీద ఉండాలి. అరచేతులు హ్యాండిల్ మీద ఊరికే ఆని ఉండాలి. సీటు అడ్డమొస్తే క్విక్ రిలీజ్ విప్పి నాలుగు వేళ్ళు దించుకోండి. తొక్కుతూనే మీట నొక్కి సీటు దించుకునే డ్రాపర్ పోస్టు ఉంటే మంచిదే, లేదని ఆగక్కర్లేదు. కళ్ళు ముందు చక్రం మీద కాదు, పది పదిహేను గజాల ముందుకి. తప్పించుకోవాలనుకున్న రాయిని చూస్తూ ఉంటే బండి సరిగ్గా దాని మీదకే పోతుంది.

మొరం మలుపు మా దగ్గర అందరినీ పడేసే చోటు. అక్కడ వరస ముఖ్యం. మలుపు రాకముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే, రెండు బ్రేకులూ పట్టి వేగం తగ్గించండి. మలుపు మొదలయ్యేసరికి వేళ్ళు వదులవ్వాలి. బయటి వైపు పెడల్ కిందకి పెట్టి దాని మీద గట్టిగా నిలబడండి. బండిని లోపలికి వాల్చండి, మీరు మాత్రం నిటారుగా ఉండండి. తల తిప్పి మలుపు చివర చూడండి. వదులు గులకరాళ్ళ మధ్యలో చక్రాలు రుద్దిన గట్టి గాడి ఒకటి ఉంటుంది, దాన్నే పట్టుకోండి. మలుపు మధ్యలో భయమేసి ముందు బ్రేకు పట్టామా, ఇక చర్మం సంగతి టైరు చూసుకోదు.

గట్లు, రేగడి

ఇప్పుడు సైక్లోక్రాస్ వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిన పని. వాళ్ళ పందెంలో 40 సెంటీమీటర్ల దాకా ఎత్తుండే చెక్కలు అడ్డంగా పెడతారు. దాని ముందు పరుగు ఆపకుండా దిగి, బండి ఎత్తి దాటి, ఆపకుండా ఎక్కేస్తారు. మనకి చెక్కలు లేవు గానీ చేను గట్లు, వాగులు, పడిపోయిన తుమ్మ కొమ్మలు కావాల్సినన్ని. దిగేది ఎప్పుడూ ఎడమ వైపు, చైన్ లేని వైపు. ఎడమ పెడల్ మీద నిలబడి, కుడి కాలిని సీటు మీదుగా వెనక నుంచి తిప్పి ఎడమ కాలి పక్కకి తీసుకురండి. కుడి చేత్తో ఫ్రేము పైకడ్డీ పట్టుకోండి, ఎడమ చెయ్యి హ్యాండిల్ మీదే ఉండాలి. అడ్డు దగ్గర కాలు కింద పెట్టగానే నడకలోనే బండిని పైకి లేపి దాటండి. ఎక్కేటప్పుడు సీటు మీదకి దూకొద్దు. కుడి తొడ లోపలి భాగాన్ని సీటు మీద ఆనించి జారితే కూర్చున్నట్టే అవుతుంది. మొదట ఇంటి ముందు ఖాళీ జాగాలో నడుస్తూ చేయండి, తర్వాత పరిగెత్తుతూ.

నిట్టనిలువు ఎక్కుడు వచ్చి తొక్కలేకపోతే బండిని భుజాన వేసుకోండి. నీళ్ళ సీసా తీసి జేబులో పెట్టుకుని, కుడి చెయ్యి ఫ్రేము త్రికోణం లోంచి దూర్చి, పైకడ్డీని భుజం మీదకి తెచ్చుకోవాలి. బండిని నెట్టుకుంటూ ఎక్కితే మడమ పెడల్‌కి తగిలి పిక్క చీరుకుంటుంది.

ఇక రేగడి. నాలుగు చినుకులు పడ్డ రేగడిలో తొక్కే మొనగాడు ఇంకా పుట్టలేదు. పది గజాల్లో టైరుకి మట్టి పొరలు పొరలుగా చుట్టుకుని, ఫ్రేముకి ఒరుసుకుని, చక్రం ఆగిపోతుంది. బలవంతంగా తొక్కితే వెనుక గేర్లు మార్చే డీరెయిలర్ మెలిపడి విరుగుతుంది. బెల్జియంలో పెద్ద పందేల్లో అయితే పిట్‌లో మనిషి రెండో బండి కడిగి పట్టుకుని ఉంటాడు, బురద పట్టగానే బండి మార్చేస్తారు. మనకి ఆ వైభోగం లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. జూన్ నుంచి అక్టోబరు దాకా ఎర్ర నేల మీద, గుట్టల మీద తిరగండి. లాటరైట్‌లో నీళ్ళు తొందరగా ఇంకుతాయి, వాన వెలిసిన మర్నాడు పట్టు బ్రహ్మాండంగా ఉంటుంది కూడా. తప్పక రేగడిలో ఇరుక్కుంటే ఆగి, పుల్లతో మట్టి గీకి, బండి భుజానేసుకుని రోడ్డెక్కండి. ఇంటికొచ్చాక టూవీలర్ వాటర్ సర్వీసింగ్‌కి ఇవ్వకండి. ఆ ప్రెషర్‌కి బేరింగుల్లో గ్రీజు కొట్టుకుపోతుంది. బకెట్, మగ్గు, పాత బ్రష్షు చాలు.

చైన్ అరుగుదల చూడ్డానికి స్టీలు స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే, పన్నెండు అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్య భాగం రావాలి. అంగుళంలో పదహారో వంతు దాటిపోయిందంటే చైన్ మార్చండి. రెండు వేలు ఎందుకని ఆగితే అది గేర్ల పళ్ళన్నీ తినేసి, అంతకు మూడు రెట్లు పెట్టిస్తుంది.

దమ్ము

ఉద్యోగం, ఇల్లు చూసుకునేవాళ్ళకి వారానికి మూడు రోజులు సరిపోతాయి. ఒక రోజు పొడుగు సవారీ, పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా, రెండు మూడు గంటలు. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టు. ఇది అందరికీ బోరు, అందుకే అందరూ ఎగ్గొడతారు. హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకైతే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది, పైన సోలార్ ప్యానెళ్ళ నీడ కూడా. ముళ్ళు, కుక్కలు లేకుండా ఈ నెమ్మది పని అక్కడ కానివ్వొచ్చు.

రెండో రోజు ఎక్కుడు. నాలుగు నిమిషాలు ఎక్కే చోటు చూసుకోండి, మాకు అనంతగిరి ఘాట్ ఉంది. ఒకటి రెండు ముక్కలే మాట్లాడగలిగేంత గట్టిగా నాలుగు నిమిషాలు, మెల్లగా దిగుతూ మూడు నాలుగు నిమిషాలు, ఇలా నాలుగు సార్లు. మొదటిది చివరిదానికంటే వేగంగా ఉందంటే లెక్క తప్పినట్టు. మూడో రోజు చిన్నది. 30 సెకన్లు ఉన్న బలమంతా పెట్టి, 30 సెకన్లు తేలిగ్గా, ఎనిమిది సార్లు. అయిదు నిమిషాలు ఊపిరి తీసుకుని ఇంకో ఎనిమిది. గుట్ట బాట మీద శ్రమ సమానంగా ఉండదు, ఎక్కుడు రాగానే గుండె గొంతులోకి వస్తుంది, దిగుడులో ఆగుతుంది. ఈ ముప్ఫైలు సరిగ్గా దానికి అలవాటు చేస్తాయి. మూడు వారాలు కొంచెం కొంచెం పెంచి, నాలుగో వారం సగానికి తగ్గించండి.

కాళ్ళతో పాటు నడుము, చేతులు కూడా కావాలి. గుంజీలు, ప్లాంక్, పది కేజీల బియ్యం సంచి నడుము వంచకుండా తుంటి దగ్గర వంగి ఎత్తి దించడం, ఇవి ఇంట్లోనే అవుతాయి. దిగుడులో ముంజేతులు పట్టేస్తున్నాయంటే చాలావరకు అది బలం సమస్య కాదు, హ్యాండిల్‌ని పిసుకుతున్నారని అర్థం.

గంట దాటే సవారీకి తిండి ఉండాలి. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అనుకోండి. మామూలు అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది. నేను అరటిపండు, పల్లీ పట్టీ, ఖర్జూరాలు పెట్టుకుంటాను. ఎండాకాలం గంటకి ముప్పావు లీటరు నీళ్ళు, రెండో సీసాలో ఓఆర్ఎస్. ఉప్పేసిన మజ్జిగ ఇంకా రుచి, కాకపోతే గంటన్నర ఎండలో ఊగితే సీసా మూత దానంతటదే తన్నుకొస్తుంది, అందుకే అది మొదటి గంటలోనే తాగేయాలి. ఏప్రిల్, మేలో అయిదున్నరకి బయల్దేరి తొమ్మిదికల్లా ఇంట్లో ఉండండి. ఒళ్ళు జలదరించినా, చెమట ఆగిపోయినా నీడలో కూర్చుని ఎవరినైనా పిలవండి, తొక్కుతూ రావొద్దు.

అనంతగిరిలో రిజర్వు ఫారెస్టు లోపలి బాటలకి ఫారెస్టు ఆఫీసులో అడిగి వెళ్ళండి. కొత్త బాటకి ఒంటరిగా పోవద్దు, ఆడవాళ్ళనే కాదు, ఎవరైనా. తండాల దగ్గర కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. దిగి బండిని మీకూ కుక్కకీ మధ్య అడ్డం పెట్టి నడవండి, నడిచే మనిషి మీద వాటికి తొందరగా ఆసక్తి పోతుంది. చున్నీ, ప్యాంటు అంచు, జడ, ఏవీ చైన్ వైపు వేలాడకుండా చూసుకోండి. నేను చున్నీని నడుముకి అడ్డంగా బిగించి కట్టుకుంటాను. టైరులో ముళ్ళు వెతకడానికి ఎలాగూ కావాలి.